బయటికి సరే, ఎటు? బ్రెగ్జిట్‌పై సంవాదం

2016 జూన్ 23న బ్రిటన్ ఓటర్ల ముందు ఒకే ప్రశ్న ఉంది: యునైటెడ్ కింగ్‌డమ్ ఐరోపా సమాఖ్యలో సభ్యదేశంగా కొనసాగాలా, వైదొలగాలా? నూటికి 72 మంది పోలింగ్‌కు వచ్చారు. వైదొలగాలన్నవారు 1,74,10,742 మంది, అంటే 51.9 శాతం. కొనసాగాలన్నవారు 1,61,41,241 మంది, 48.1 శాతం. ఇంగ్లండ్, వేల్స్ వైదొలగడం వైపు మొగ్గాయి. స్కాట్లండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లండ్‌లో 55.8 శాతం కొనసాగాలన్నారు. మూడున్నరేళ్ళ రాజకీయ సంక్షోభం తర్వాత, 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకు బ్రిటన్ సమాఖ్య నుంచి బయటికి వచ్చింది. ఈ నిష్క్రమణకే బ్రెగ్జిట్ అని పేరు.

ఐరోపాతో బ్రిటన్ బంధం మొదటి నుంచీ మనసు కుదరనిదే. 1957 రోమ్ ఒప్పందంతో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ఇప్పటి సమాఖ్యకు మూలమైన ఆర్థిక సముదాయంగా ఏర్పడినప్పుడు బ్రిటన్ దూరంగా ఉండిపోయింది. తర్వాత చేరతానంటే 1963లోనూ 1967లోనూ ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ అడ్డుపడ్డారు. ఎడ్వర్డ్ హీత్ ప్రధానిగా ఉండగా 1973 జనవరి 1న ఐర్లండ్, డెన్మార్క్‌లతో పాటు చేరింది. రెండేళ్ళకే, 1975లో, ఉండాలా వద్దా అని హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం జనాన్ని అడిగింది. 67 శాతం ఉండాలన్నారు. అప్పట్లో వైదొలగాలని గట్టిగా వాదించినవారు లేబర్ పార్టీ వామపక్షీయులు, ముఖ్యంగా టోనీ బెన్. కొనసాగాలని ప్రచారం చేసినవారిలో కన్సర్వేటివ్ నాయకురాలు మార్గరెట్ థాచర్ ఉన్నారు. తర్వాతి నలభై ఏళ్ళలో పార్టీల వైఖరులు తారుమారయ్యాయి, తగవు మాత్రం తెగలేదు.

ఆ తగవులోని రెండు పక్షాలను ఈ సంవాదం ఎదురెదురుగా నిలబెడుతుంది. నిష్క్రమణవాది, సభ్యత్వవాది ఇద్దరూ కల్పితులే. వారి నోట వచ్చే వాదనలు మాత్రం బ్రిటన్ పార్లమెంటులో, ప్రచార సభల్లో, న్యాయస్థానాల్లో ఏళ్ళ తరబడి నలిగినవి.

చట్టం చేసే అధికారం

నిష్క్రమణవాది: ముందు అధికారం సంగతి తేల్చుకుందాం. తనను పాలించేవారిని గద్దె దించగలగడం పౌరుడికున్న హక్కుల్లోకెల్లా గట్టిది. వెస్ట్‌మినిస్టర్‌లోని బ్రిటన్ పార్లమెంటు చేసిన చట్టం నచ్చకపోతే వచ్చే ఎన్నికల్లో ఆ ప్రభుత్వాన్ని ఓడించవచ్చు. ఐరోపా సమాఖ్యలో చట్టాలను ప్రతిపాదించే అధికారం కమిషన్‌ది. ఆ కమిషనర్లను బ్రిటన్ ఓటరు ఎన్నుకోడు, దించలేడు. పైగా 1972లో పార్లమెంటు చేసిన చట్టంతో ఐరోపా చట్టానికి బ్రిటన్ చట్టం మీద ఆధిక్యం దక్కింది. అది పేరుకే అనుకున్నవారికి ఫ్యాక్టర్‌టేమ్ కేసు కళ్ళు తెరిపించింది. బ్రిటన్ చేపల కోటాను స్పెయిన్ యజమానుల ఓడలు వాడుకోకుండా పార్లమెంటు 1988లో ఒక చట్టం చేసింది. అది ఐరోపా చట్టానికి విరుద్ధమని తేలడంతో బ్రిటన్ న్యాయస్థానమే దాన్ని పక్కన పెట్టింది. పార్లమెంటును మించిన శాసనకర్త లేడని నమ్మే దేశంలో అది చిన్న విషయం కాదు.

సభ్యత్వవాది: మీరు చెప్పినది నిజమే గాని, అందులో సగమే ఉంది. కమిషన్ ప్రతిపాదిస్తుంది, అంతే. ఆమోదించవలసింది మంత్రుల మండలి, ఐరోపా పార్లమెంటు. మండలిలో కూర్చునేది బ్రిటన్ ఓటర్లు గెలిపించిన ప్రభుత్వపు మంత్రులే. ఐరోపా పార్లమెంటు సభ్యులను 1979 నుంచి జనం నేరుగా ఎన్నుకుంటున్నారు. పన్నుల వంటి విషయాల్లో ఒక్క దేశం కాదన్నా నిర్ణయం ఆగిపోతుంది. బ్రిటన్ యూరో వద్దంది, మినహాయింపు తీసుకుంది. సరిహద్దు తనిఖీలు లేని షెంగెన్ ప్రాంతంలోనూ చేరలేదు. మీరు పరాయి పెత్తనంగా చూస్తున్న ఉమ్మడి మార్కెట్‌ను పట్టుబట్టి కట్టించింది కూడా బ్రిటనే. ప్రధానిగా థాచర్ పంపిన కమిషనర్ లార్డ్ కాక్‌ఫీల్డ్ 1985లో దానికి ప్రణాళిక రాశారు.

నిష్క్రమణవాది: ఆ మార్కెట్ కోసమే మండలిలో ఏకగ్రీవం పోయి, చాలా విషయాల్లో మెజారిటీ ఓటు వచ్చింది. బ్రిటన్ మంత్రి ఓడిపోయినా ఆ చట్టం బ్రిటన్ జనానికి వర్తిస్తుంది. ఐరోపా రాజ్యం పేరుతో సమాఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్ నుంచి కొత్త పెత్తనం వస్తోందని 1988లో బ్రూజ్ ప్రసంగంలో హెచ్చరించింది అదే థాచర్. మాస్ట్రిక్ట్, లిస్బన్ ఒప్పందాలు అధికారాన్ని ఇంకా అటువైపే జరిపాయి. ఆ రెండింటి మీదా బ్రిటన్ జనాన్ని అడిగినవారు లేరు. 1973లో చేరేముందు కూడా అడగలేదు.

సభ్యత్వవాది: అడగకపోవడం తప్పే, ఒప్పుకుంటాను. ఆ తప్పు మాత్రం వెస్ట్‌మినిస్టర్‌ది. ఇక సార్వభౌమత్వం గురించి. నలుగురితో కూర్చుని నిబంధన రాసే చోటు వదులుకున్న దేశానికి ఆ నిబంధన తప్పిపోదు. ఐరోపాకు సరుకు అమ్మాలంటే ఐరోపా ప్రమాణాలే పాటించాలి. తేడా ఒక్కటే: అంతకుముందు ఆ ప్రమాణాలు రాసే బల్ల దగ్గర బ్రిటన్‌కు కుర్చీ ఉండేది. మీరు చేపలతో మొదలుపెట్టారు కాబట్టి చేపల సంగతే చూడండి. 2025 మే నెలలో లండన్‌లో కుదిరిన అవగాహనతో ఐరోపా పడవలకు బ్రిటన్ జలాల్లో 2038 దాకా ప్రవేశం దక్కింది. ఇంట్లో అధికారం పూర్తిగా చేతికొచ్చినా, బేరంలో బలం అవతలివాడి చేతిలోనూ ఉంటుంది.

నిష్క్రమణవాది: ఉండనివ్వండి. ఆ బేరం చేసిన ప్రభుత్వాన్ని బ్రిటన్ ఓటరు ఓడించగలడు. నా వాదన అక్కడే మొదలై అక్కడే ముగుస్తుంది.

చందా లెక్క

ప్రచారంలో ఎక్కువగా గుర్తుండిపోయినది వైదొలగాలన్నవారు తిప్పిన ఒక ఎర్ర బస్సు. సమాఖ్యకు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామని, ఆ డబ్బు జాతీయ ఆరోగ్య సేవకు, అంటే ఎన్‌హెచ్‌ఎస్‌కు, ఇచ్చుకుందామని దాని మీద రాశారు.

సభ్యత్వవాది: ఆ అంకె తప్పుదారి పట్టించేదని దేశపు గణాంక ప్రాధికార సంస్థే చెప్పింది. 1984లో ఫాంటెన్‌బ్లో సమావేశంలో థాచర్ సాధించిన రిబేటును చెల్లింపుకు ముందే తగ్గించుకునేవారు. ఆ సొమ్ము లండన్ దాటి వెళ్ళేదే కాదు. దాన్ని తీసేస్తే వారానికి సుమారు 25 కోట్లు. అందులోంచి రైతుల సబ్సిడీలుగా, కార్న్‌వాల్, పశ్చిమ వేల్స్ వంటి వెనకబడిన ప్రాంతాలకు నిధులుగా తిరిగి వచ్చేది ఇంకొంత. తెలిసీ ఆ అంకెను చివరి రోజు దాకా తిప్పారు. ఆసుపత్రిలో వరుసలో నిలబడ్డ సామాన్యుడి ఆశతో ఆడుకోవడం అది.

నిష్క్రమణవాది: ఆ అంకెను నేను సమర్థించను. అయితే రిబేటు తీసేసినా, తిరిగి వచ్చినది తీసేసినా, ఇచ్చేది ఎక్కువ, పుచ్చుకునేది తక్కువ అన్న మాట నిలుస్తుంది. తిరిగి వచ్చిన డబ్బును ఎలా పంచాలో నిర్ణయించింది కూడా ఉమ్మడి వ్యవసాయ విధానమే. ఎన్ని ఎకరాలుంటే అంత సబ్సిడీ. పెద్ద భూస్వామికి పెద్ద వాటా. బయటికి వచ్చాక ఇంగ్లండ్ ఆ పద్ధతిని దశలవారీగా ఎత్తేసి, నేలను, నీటిని, పక్షులను కాపాడే పనులకు రైతుకు డబ్బిచ్చే పద్ధతి పెట్టుకుంది. లోపల ఉండగా ఇది ఒంటరిగా చేయగలిగేది కాదు. ఇక అతిశయోక్తులంటారా, అవి మీ వైపు కూడా ఉన్నాయి. వైదొలగాలని ఓటు వేస్తే చాలు, వెంటనే మాంద్యం వస్తుందని 2016 మేలో ప్రభుత్వ ఆర్థిక శాఖ అంచనా ప్రకటించింది. ఆ ఏడాది మాంద్యం రాలేదు.

సభ్యత్వవాది: రాలేదు. భయపెట్టి గెలవాలనుకోవడం మా ప్రచారంలో పెద్ద లోపం. ఐరోపాలో ఉండటం ఎందుకు మంచిదో చెప్పవలసినవారు, బయటికి పోతే ఎంత నష్టమో మాత్రమే చెప్పారు. కాని ఫలితం వెలువడిన రాత్రే పౌండు 1985 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి జారింది. దిగుమతి సరుకుల ధరలు పెరిగి, ఆ భారం జీతాల మీద బతికేవారి మీద పడింది.

వర్తకం

సభ్యత్వవాది: ఓటు వేసేనాటికి బ్రిటన్ ఎగుమతుల్లో సుమారు 44 శాతం ఐరోపా సమాఖ్యకే వెళ్ళేవి. ఉమ్మడి మార్కెట్ అంటే సుంకాలు లేకపోవడం ఒక్కటే అనుకుంటారు. ఒక దేశంలో పరీక్ష నెగ్గిన సరుకు మిగతా దేశాలన్నింటిలో చెల్లడం అంతకంటే పెద్ద సంగతి. 2020 డిసెంబర్ 24న కుదిరిన వాణిజ్య ఒప్పందంలో సుంకాలు, కోటాలు లేవు. కాగితాలు మాత్రం వచ్చి పడ్డాయి. ప్రతి సరుకుకూ కస్టమ్స్ డిక్లరేషన్ కావాలి. మాంసం, పాలు, చేపలకు పశువైద్యుడి ధ్రువపత్రం కావాలి. సరుకులో ఎంత భాగం ఏ దేశంలో తయారైందో రుజువు చూపాలి. పెద్ద కంపెనీ దీనికి ఒక విభాగం పెట్టుకుంటుంది. వారానికి నాలుగు పెట్టెల జున్ను ఫ్రాన్స్‌కు పంపే చిన్న వ్యాపారి ఆ వర్తకమే మానుకుంటాడు. లండన్ బ్యాంకులకు ఒక్క లైసెన్సుతో ఐరోపా అంతటా వ్యాపారం చేసే వీలు పోయింది. ఐరోపా మందుల సంస్థ లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు, బ్యాంకింగ్ ప్రాధికార సంస్థ పారిస్‌కు తరలిపోయాయి. సభ్యత్వం కొనసాగి ఉంటే ఉండగల ఉత్పాదకతతో పోలిస్తే దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందని, ప్రభుత్వ బడ్జెట్ లెక్కలను స్వతంత్రంగా పరిశీలించే కార్యాలయం అంచనా కట్టింది.

నిష్క్రమణవాది: అంచనా అన్నారు, ఆ మాట గుర్తుంచుకోండి. ఒప్పందం అమల్లోకి వచ్చినది 2021 జనవరిలో, కోవిడ్ మధ్యలో. ఆ మరుసటి ఏడాది యుక్రెయిన్ యుద్ధం, ఇంధన ధరల మంట. ఏ నష్టం దేనివల్ల వచ్చిందో విడదీసి చూపడం ఎవరికీ అంత తేలిక కాదు. నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఉన్న సండర్లాండ్‌లో 61 శాతం వైదొలగాలన్నారు. ఫ్యాక్టరీ మూతపడుతుందని వారిని బెదిరించారు, అది పడలేదు. మరోవైపు సొంతంగా ఒప్పందాలు చేసుకునే హక్కు తిరిగి వచ్చింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఒప్పందాలు 2023లో అమల్లోకి వచ్చాయి. 2024 డిసెంబర్‌లో పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమిలో బ్రిటన్ చేరింది. 2025 జూలై 24న భారతదేశంతో సమగ్ర ఒప్పందం మీద సంతకాలయ్యాయి. భారత్ నుంచి బ్రిటన్ వెళ్ళే దాదాపు 99 శాతం సరుకు రకాలకు సుంకం లేకుండా పోతుంది. అందులో ఆంధ్ర తీరంలో పెంచే రొయ్యలూ ఉన్నాయి. స్కాచ్ విస్కీ మీద భారత్ వేసే 150 శాతం సుంకం మొదట 75కు, పదేళ్ళలో 40కి దిగుతుంది. సమాఖ్యలో ఉన్నంతకాలం ఇలాంటి ఒప్పందం మీద బ్రిటన్ విడిగా చర్చించడానికే వీల్లేదు.

సభ్యత్వవాది: ఆ ఒప్పందాలు మంచివే. వాటి తూకం కూడా చూడాలి. ఆస్ట్రేలియా ఒప్పందం వల్ల దీర్ఘకాలంలో జాతీయోత్పత్తి 0.08 శాతం పెరుగుతుందని బ్రిటన్ ప్రభుత్వమే లెక్క కట్టింది. భారత ఒప్పందం దానికంటే మెరుగు, అయినా 0.13 శాతమే. డోవర్ నుంచి కాలే రేవు కనిపించేంత దూరం. పొరుగున ఉన్న సంతను వదిలి సముద్రాల అవతలి సంతలతో ఆ లోటు పూడ్చడం భూగోళం ఒప్పుకోని పని.

నిష్క్రమణవాది: పొరుగు సంతను వదలలేదు కదా, సుంకం లేకుండానే అమ్ముతున్నాం. ప్రపంచంలో వేగంగా ఎదుగుతున్న ఆర్థిక వ్యవస్థలు ఐరోపా బయట ఉన్నాయి. ఇరవై ఏడు దేశాలు ఒప్పుకునేదాకా ఆగకుండా వాటితో మాట్లాడగలగడం రేపటి కోసం చేసుకున్న ఏర్పాటు. దాన్ని తొలి ఐదేళ్ళ లెక్కలతో తూచకండి.

వలసలు

నిష్క్రమణవాది: సభ్యదేశాల పౌరులు సమాఖ్యలో ఎక్కడైనా ఉండి పనిచేసుకోవచ్చు, దానికే స్వేచ్ఛా సంచారం అని పేరు. 2004లో పోలండ్ సహా పది దేశాలు సమాఖ్యలో చేరాయి. కొత్త దేశాల కార్మికులను కొన్నేళ్ళు ఆపుకునే వీలు పాత దేశాలకు ఉండేది. జర్మనీ, ఫ్రాన్స్ ఆపుకున్నాయి. బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రం మొదటి రోజే తలుపులు తెరిచాయి. ఏడాదికి 5,000 నుంచి 13,000 మంది మిగులుతారని ప్రభుత్వం చేయించిన అధ్యయనం చెప్పింది. వచ్చినవారు లక్షల్లో ఉన్నారు. లింకన్‌షైర్‌లో బోస్టన్ అనే చిన్న పట్టణం, చుట్టూ కూరగాయల పొలాలు. అక్కడ 75.6 శాతం వైదొలగాలన్నారు, దేశంలోకెల్లా ఎక్కువ. వారిని జాతివిద్వేషులని కొట్టిపారేయడం తేలిక. బడిలో సీట్లు, డాక్టరు అపాయింట్‌మెంట్లు, అద్దె ఇళ్ళు పెరగకుండా జనాభా మాత్రం పెరిగితే ఏమవుతుందో రాజధానిలో ఉన్నవారు వెళ్ళి చూడలేదు.

సభ్యత్వవాది: ఆ అధ్యయనం మిగతా పెద్ద దేశాలు కూడా తలుపులు తెరుస్తాయన్న లెక్క మీద కట్టినది. అవి తెరవకపోవడంతో అందరూ ఇటే వచ్చారు. బోస్టన్ బాధ నిజం. అయితే బడి కట్టకపోవడం, డాక్టరును నియమించకపోవడం 2010 తర్వాత ఖర్చుల కోత పెట్టిన లండన్ ప్రభుత్వం చేసిన పని. వచ్చినవారు పన్నులు కట్టారు, పంటలు కోశారు, ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు చేశారు. స్వేచ్ఛా సంచారం రెండు వైపులా నడిచే దారి కూడా. స్పెయిన్ తీరంలో స్థిరపడిన బ్రిటిష్ పెన్షనర్లు, బెర్లిన్‌లో ఉద్యోగం చేసుకునే బ్రిటిష్ కుర్రవాళ్ళు ఆ హక్కుతో వెళ్ళినవారే. 18 నుంచి 24 ఏళ్ళవారిలో పెద్ద మెజారిటీ కొనసాగాలనుకోవడం, 65 దాటినవారిలో మెజారిటీ వైదొలగాలనుకోవడం చూస్తే, ఎక్కువకాలం ఫలితం అనుభవించవలసినవారి కోరిక ఓడిపోయిందని అర్థమవుతుంది. ఇంతా చేసి వలసలు తగ్గాయా అంటే అదీ లేదు. 2023 నాటికి వచ్చేవారికీ పోయేవారికీ మధ్య తేడా ఏడాదికి 9 లక్షలు దాటింది. ఓటు వేసేనాడు అది 3 లక్షల పైచిలుకు మాత్రమే.

నిష్క్రమణవాది: ఆ సంఖ్య వైదొలగమన్న ఓటర్లకు చేసిన ద్రోహమని నేనూ అంటాను. అయితే అది బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చిన వీసాల ఫలితం కాబట్టే, ఆ ప్రభుత్వాన్ని 2024లో జనం నిలదీయగలిగారు. 2021 జనవరి నుంచి పాయింట్ల పద్ధతి వచ్చింది. వార్సా నుంచి వచ్చే ఇంజనీరుకూ హైదరాబాద్ నుంచి వచ్చే ఇంజనీరుకూ ఇప్పుడు ఒకే కొలత. అంతకుముందు ఒకరికి దారి తెరిచి ఉండేది, మరొకరు వీసా కోసం నిలబడేవారు. ఏ రకంగా చూసినా అది న్యాయం కాదు.

ఈ భాగం తెలుగువారికి నేరుగా తగిలేదే. కామన్‌వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో నివసిస్తుంటే 2016 ఓటింగ్‌లో పాల్గొనే హక్కు ఉండేది. అందువల్ల లండన్‌లో వీసా మీద పనిచేస్తున్న భారతీయుడికి ఓటు దక్కింది. అదే నగరంలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న జర్మన్‌కు దక్కలేదు. 2021 జూలైలో చదువు పూర్తయ్యాక రెండేళ్ళు ఉద్యోగం చేసుకునే గ్రాడ్యుయేట్ రూట్ మొదలైంది. మరుసటి ఏడాదికి విద్యార్థి వీసాల్లో భారతీయులు చైనీయులను దాటారు. హైదరాబాద్, విజయవాడ నుంచి ఎం.ఎస్.కి బ్రిటన్ వెళ్ళేవారి ఉరవడి ఆ మార్పుతో ముడిపడినదే. సంఖ్యలు పెరిగి రాజకీయ ఒత్తిడి వచ్చాక దారి ఇరుకైంది. 2024 జనవరి నుంచి చాలామంది మాస్టర్స్ విద్యార్థులు భార్యను గాని భర్తను గాని వెంట తీసుకెళ్ళే వీలు పోయింది. ఏప్రిల్‌లో నైపుణ్య వీసాకు కావలసిన సాధారణ జీతం 26,200 పౌండ్ల నుంచి 38,700కు పెరిగింది. ఒప్పందంతో వచ్చిన హక్కు అంత తొందరగా పోదు. ప్రభుత్వం ఒక ఏడాది ఇచ్చిన అవకాశం మరో ఏడాదికి ఉండకపోవచ్చు.

ఐర్లండ్ సరిహద్దు

ప్రచారంలో అతి తక్కువగా వినిపించి, తర్వాత అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చిన విషయం ఇది. యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కూ, సమాఖ్య సభ్యదేశమైన ఐర్లండ్ గణతంత్రానికీ మధ్య సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. మూడు దశాబ్దాల హింస తర్వాత 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది. అక్కడి సైనిక చెక్‌పోస్టులు పోయాయి. రెండు వైపులా ఒకే మార్కెట్ కావడంతో కస్టమ్స్ తనిఖీల అవసరమూ లేకపోయింది.

సభ్యత్వవాది: లండన్ ప్రభుత్వం మూడు మాటలు ఇచ్చింది. ఐర్లండ్ నేల మీద తనిఖీలు ఉండవంది. ఉత్తర ఐర్లండ్‌కూ బ్రిటన్ ద్వీపానికీ మధ్య సముద్రంలో తనిఖీలు ఉండవంది. దేశమంతా ఉమ్మడి మార్కెట్ నుంచీ, బయటి సరుకుకు ఒకే సుంకం వేసే కస్టమ్స్ యూనియన్ నుంచీ బయటికి వస్తుందంది. వీటిలో ఏ రెండైనా నిలుస్తాయి, మూడూ కలిసి నిలవవు. నిబంధనలు వేరైన రెండు మార్కెట్ల మధ్య ఎక్కడో ఒకచోట తనిఖీ తప్పదు. ప్రధాని బోరిస్ జాన్సన్ 2019లో సముద్రాన్ని ఎంచుకున్నారు. దేశంలో ఒక భాగం నుంచి మరో భాగానికి సరుకు పంపడానికి కాగితాలు కావలసి వచ్చింది. బ్రిటన్‌తో ఐక్యత కోరే డీయూపీ పార్టీ నిరసనగా తప్పుకోవడంతో బెల్‌ఫాస్ట్ ప్రభుత్వం 2022 ఫిబ్రవరి నుంచి రెండేళ్ళు స్తంభించింది. ఇంత సున్నితమైన చోటు గురించి ఓటుకు ముందే లెక్క చెప్పి ఉండాల్సింది.

నిష్క్రమణవాది: చెప్పి ఉండాల్సిందే. ఇందులో మా వైపు నిర్లక్ష్యం ఉంది. కాని ఐరోపా సమాఖ్య కూడా ఆ సరిహద్దును బేరంలో పట్టుగా వాడుకుంది. శాంతి మీద అంత శ్రద్ధ ఉన్న కమిషనే 2021 జనవరి 29న కోవిడ్ టీకాల ఎగుమతిని అదుపు చేయడానికి ఐర్లండ్ ఏర్పాటులోని అత్యవసర నిబంధనను వాడబోయి, గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2023 విండ్సర్ ఒడంబడికలో ఉత్తర ఐర్లండ్‌లోనే ఉండిపోయే సరుకుకు తనిఖీలు తగ్గించడానికి రెండు వైపులా ఒప్పుకున్నాయి. ఆ పట్టువిడుపు మొదట్లోనే ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఒక ప్రశ్న, అనేక జవాబులు

సభ్యత్వవాది: ఐర్లండ్ చిక్కు వెనక ఇంకా పెద్ద లోపం ఉంది. వైదొలగడానికి ఒక్క దారి లేదు. నార్వే సమాఖ్యలో లేదు, అయినా ఉమ్మడి మార్కెట్‌లో ఉంది. అందుకు చందా కడుతుంది, స్వేచ్ఛా సంచారాన్ని అంగీకరిస్తుంది, నిబంధనలు పాటిస్తుంది, వాటి మీద ఓటు మాత్రం ఉండదు. స్విట్జర్లాండ్ విడివిడి ఒప్పందాలతో నడుస్తోంది. టర్కీది కస్టమ్స్ యూనియన్. కెనడాది వాణిజ్య ఒప్పందం. వైదొలగాలన్న కోటీ 74 లక్షల మందిలో ఎందరు నార్వేను కోరారు, ఎందరు కెనడాను కోరారు? బ్యాలెట్ పత్రం అడగలేదు. సమాధానం లేని ఆ ప్రశ్నే పార్లమెంటును మూడేళ్ళు తిప్పలు పెట్టింది. అప్పటి ప్రధాని థెరిసా మే తెచ్చిన ఒప్పందాన్ని 2019 జనవరి 15న పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ 432–202 ఓట్లతో తిరస్కరించింది. ఆధునిక కాలంలో ఏ ప్రభుత్వమూ అంత తేడాతో ఓడలేదు. మార్చి 27న సభ్యులు ఎనిమిది ప్రత్యామ్నాయాల మీద ఓటు వేసి, ఎనిమిదింటినీ ఓడించారు. ఏప్రిల్ 1న నాలుగింటి మీద వేసి, నాలుగింటినీ ఓడించారు. అందులో కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన ఓడింది మూడంటే మూడు ఓట్ల తేడాతో.

నిష్క్రమణవాది: ఆ సభలో ఎక్కువమంది కొనసాగాలన్నవారే కావడం వల్ల ఏ దారీ తెరుచుకోలేదు. పౌరులు తీర్పు చెప్పాక ఎలా అమలు చేయాలన్నది ప్రభుత్వం పని. అమలే వద్దనడం ఎవరి పనీ కాదు. రెండోసారి ఓటు పెట్టండని ఊరేగింపులు జరిగాయి. మొదటిసారి ఓటు వేసిన కార్మికవాడలకు అది ఎలా వినిపించిందో తెలుసా? మీ జవాబు తప్పు, మళ్ళీ రాయండి అన్నట్టు. 2019 డిసెంబర్‌లో బ్రెగ్జిట్ పూర్తిచేస్తానన్న జాన్సన్‌కు 80 స్థానాల మెజారిటీ ఇచ్చి జనం రెండోసారి కూడా తేల్చేశారు. తరతరాలుగా లేబర్‌కు ఓటేసిన ఉత్తరాది నియోజకవర్గాలు ఆసారి అటు తిరిగాయి.

సభ్యత్వవాది: ఆ ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లకు వచ్చినవి 43.6 శాతం ఓట్లు. బ్రిటన్ ఎన్నికల పద్ధతిలో అంతకే మెజారిటీ వస్తుంది. నేను ఫలితాన్ని కాదనడం లేదు, అడిగిన పద్ధతిని ప్రశ్నిస్తున్నాను. 1979లో స్కాట్లండ్‌కు సొంత శాసనసభ ఉండాలా అని అడిగారు. అవునన్నవారు 51.6 శాతం. మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతు ఉండాలన్న షరతు వల్ల అది వీగిపోయింది. 2016లో వైదొలగాలన్నవారు మొత్తం ఓటర్లలో 37 శాతమే, అయినా ఎలాంటి షరతూ పెట్టలేదు. 2011లో ఓటింగ్ పద్ధతి మార్చాలా అని అడిగినప్పుడు, అవునంటే ఏం జరుగుతుందో చట్టంలో ముందే రాసి పెట్టారు. 2016లో అదీ లేదు. అప్పటి ప్రధాని కామెరాన్ ప్రభుత్వం ఓటమికి సిద్ధపడకుండానే ప్రశ్న అడిగింది. ఫలితం తేలిన ఉదయమే ఆయన రాజీనామా ప్రకటించారు.

నిష్క్రమణవాది: బయటికి వెళ్ళడానికి షరతు పెడితే లోపలికి వెళ్ళడానికీ పెట్టి ఉండాలి. 1973లో జనం ఓటే లేకుండా చేరినదాన్ని సాధారణ మెజారిటీతో వదులుకోకూడదంటే, తలుపు ఒకవైపే తెరుచుకుంటుందన్నమాట. ముందే దారి రాసి పెట్టాలన్న మాటను మాత్రం ఒప్పుకుంటాను. రాసి పెట్టి ఉంటే వైదొలగడం మీద గెలిచినవాళ్ళం, ఎటు వెళ్ళాలన్న దాని మీద ఒకరితో ఒకరం కొట్లాడుకునేవాళ్ళం కాదు.

సభ్యత్వవాది: ప్రభుత్వం దారి తప్పకుండా ఆపినవి పాత సంస్థలే. పార్లమెంటు అనుమతి లేకుండా నిష్క్రమణ నోటీసు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2017 జనవరిలో తీర్పు చెప్పింది. 2019 సెప్టెంబర్‌లో పార్లమెంటును వారాల తరబడి మూసేయమని రాణికి జాన్సన్ ఇచ్చిన సలహా చట్టవిరుద్ధమని పదకొండు మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు.

నిష్క్రమణవాది: ఆ తీర్పులు అప్పట్లో మాకు కోపం తెప్పించాయి. అయినా పార్లమెంటు అధికారం కోసమే బయటికి వస్తున్నామన్నవారు ఆ తీర్పులను గౌరవించక తప్పదు.

ఇద్దరూ ఎక్కడ నిలిచారు

ఇద్దరూ ఒప్పుకున్నవి కొన్ని ఉన్నాయి. బస్సు మీది అంకె, తక్షణ మాంద్యం హెచ్చరిక, రెండూ ఓటరును తక్కువ చేసి చూసినవే. ఐర్లండ్ సంగతి ముందే ఆలోచించవలసింది. బ్రిటన్ ప్రభుత్వాలు తాము చేయవలసిన పనులు చేయక, తప్పును చాలాకాలం బ్రస్సెల్స్ మీదికి నెట్టాయి. విభేదం మిగిలింది విలువ కట్టడంలో. పాలకులను దించగల అధికారం కోసం కొంత ఆదాయం వదులుకోవచ్చని ఒకరంటారు. పంచుకున్న అధికారమే ఈ కాలంలో పనికొచ్చే అధికారమని, దాన్ని వదులుకుని ఆదాయాన్నీ పోగొట్టుకున్నామని మరొకరంటారు. ఈ తూకం ఏ ఆర్థిక నమూనాతోనూ తేలదు. అందుకే అది ఓటు వేసి తేల్చుకోవలసిన విషయమే.

2024లో అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం తిరిగి సభ్యత్వం గాని, ఉమ్మడి మార్కెట్ గాని, కస్టమ్స్ యూనియన్ గాని కోరబోమని చెప్పింది. 2025 మే సమావేశంలో ఆహార పదార్థాల తనిఖీలు తగ్గించే ఒప్పందానికి, రక్షణ సహకారానికి దారి వేసుకుంది. అంటే వైదొలగడం పూర్తయ్యాక కూడా, ఎంత దగ్గరగా ఉండాలన్న బేరం సాగుతూనే ఉంది.

ఒక దేశం ఒక కూటమి నుంచి తప్పుకోవాలని చర్చించేటప్పుడు ఓటుకు ముందే తేల్చుకోవలసినవి బ్రిటన్ అనుభవంలోంచి నాలుగు కనిపిస్తాయి. వైదొలగాక కూటమితో ఏ తరహా సంబంధం కావాలో ప్రతిపాదన రాతపూర్వకంగా ఉండాలి. దేశంలోని భాగాలు వేరు వేరు తీర్పులు ఇస్తే ఏం చేయాలో నిర్ణయించి ఉండాలి. ఎంత మెజారిటీ చాలో, ఆ కొలత చేరడానికీ వైదొలగడానికీ ఒకటేనో కాదో చెప్పాలి. ఆ దేశ నేలమీదున్న పరదేశీయులకు, పరదేశాల్లో ఉన్న ఆ దేశీయులకు ఏ హక్కులు మిగులుతాయో స్పష్టం కావాలి. ఈ నాలుగూ ఓటరు చేతికి ముందే అందితే, గెలిచినవారు చెప్పిన దారిలో నడిచే బాధ్యత తీసుకుంటారు. ఓడినవారు దేనికి ఓడారో తెలుసుకుని తీర్పును అంగీకరించగలుగుతారు.